పాత రేడియం, పాత పేరు



సోలాపూరులోనైనా, బళ్ళారిలోనైనా, బరంపురములోనైనా, మన సంఘములు బండి కొనవలెనంటే ఎక్కువగా కొనేది సెకండ్ హ్యాండ్ బండినే. అందులోను మారుతి ఓమ్ని చర్చి ఆవరణలకు బాగా అలవాటైన బండి. 1984లో మారుతి వ్యాన్ అని వచ్చి, 1988లో ఓమ్ని అని పేరు మార్చుకొన్నది. 2019లో దాని తయారీ ఆగిపోయింది. కాబట్టి ఇప్పుడు మన చేతికి వచ్చే ఓమ్ని ఏదైనా, ముందు ఇంకెవరికో పని చేసి వచ్చినదే. తలుపుల మీద ఆ పాత యజమాని పేరు, ఫోను నంబరు అలాగే అంటుకొని ఉంటాయి. ఆ స్టిక్కర్లను మనము రేడియం అంటాము. అందులో రేడియం ఏమీ లేదు. అది వినైల్ అనే ప్లాస్టిక్ పొర, వెనుక జిగురు, అంతే. ఎవరో అన్నారు, అందరము అంటున్నాము.

మనుష్యులకు అంటించే పేర్ల సంగతి వలస వచ్చిన మనకు వేరే చెప్పనక్కరలేదు. బొంబాయికి కూలిపనికి వెళ్ళిన మనవారిని కామాటీలన్నారు. కామాఠీపురా అనే పేటకు ఆ పేరే నిలిచిపోయింది. అయితే ఈ నెల మనము ధ్యానించవలెనని కోరేది బయటివారు మనకు అంటించిన పేర్లను గూర్చి కాదు. సంఘములో మనకు మనమే అంటించుకొనే పేర్లను గూర్చి.

మేమెరిగిన ఒక సంఘము నీలిరంగు ఓమ్ని ఒకటి కొన్నది. అంతకుముందు అది ఒక బేకరీ బండి. పెద్దవాళ్ళను ఆరాధనకు తీసుకొని వచ్చుటకు మొదటి ఆదివారము బయలుదేరితే, దారిలో ఒకాయన చెయ్యెత్తి ఆపి పఫ్‌లున్నాయా అని అడిగాడట! మరుసటి శనివారము యౌవనస్థులు ఆ అక్షరాలు గీకివేయుటకు బ్లేడులతో సహా వచ్చారు. ఆ సంఘములో నలభై ఏండ్లు పెయింటింగ్ షెడ్డులో పని చేసిన పెద్దాయన ఒకరున్నారు. ఆయన ఏమీ అనకుండా ఆ బ్లేడులన్నీ తీసుకొని జేబులో వేసుకొన్నారు.

“తాతగారూ, పోనీ థిన్నరు పోస్తే అయిదు నిమిషాల్లో పోతుంది గదా?” అని ఒక అబ్బాయి అడిగాడు.

“పోతుంది నాయనా. ఈ తలుపుకు మధ్యలో ఎవరైనా షెడ్డులో రంగు వేయించియుంటే, ఆ రంగు కూడా దానితోనే పోతుంది” అన్నారు ఆయన.

ఆయన చెప్పినది ఇది. క్రొత్తలో వినైల్ మెత్తగా ఉంటుంది. దానిని మెత్తగా ఉంచే పదార్థము ఏండ్ల తరబడి ఎండలో పోతూ పోతూ ఉంటే అది అప్పడమువలె పెళుసైపోతుంది. చలి పొద్దున్నే లాగితే గోరంత గోరంత ముక్కలుగా విరుగుతుంది. బ్లేడు పెడితే అక్షరముతోపాటు రంగు మీద గీతలు పడతాయి. అక్షరము పోయినా గీతలు పోవు. కనుక ముందు వేడి తగలాలి. హెయిర్ డ్రయ్యరు చాలును. షెడ్డులో వాడే హీట్ గన్ అయితే జానెడు దూరములో పట్టుకొని, ఒక్కచోట నిలుపక ఆడిస్తూ ఉండాలి. చెయ్యి పెట్టి చూస్తే ఓర్చుకోగలిగినంత వేడి. అంతకు మించితే రంగు పొంగుతుంది, ప్లాస్టిక్ భాగాలు వంకర పోతాయి. వేడెక్కిన తరువాత ఒక మూల గోటితో లేపి, తనవైపు గుంజక, పొరను దాని మీదికే మడిచినట్లు వెనక్కు నెమ్మదిగా తీయాలి. ఆగినచోట మళ్ళీ వేడి. ఆ యౌవనస్థులకు ఒక్క తలుపుకే రెండు గంటలు పట్టింది.

మన ప్రభువు పేతురుతో వ్యవహరించిన తీరు జ్ఞాపకము తెచ్చుకోండి. పేతురు ప్రభువును ఎరుగనని బొంకినది నిప్పుల దగ్గర చలి కాచుకొంటూ. పునరుత్థానుడైన ప్రభువు ఆ పేతురుకు తిబెరియ సముద్రతీరమున సిద్ధపరచి ఉంచినది కూడా నిప్పులే, వాటి మీద చేపలు. మొదట భోజనము పెట్టారు. ప్రశ్న అడిగినది ఆ తరువాత. అడుగకుండా విడిచిపెట్టలేదు, మూడుసార్లు అడిగారు. అయినా ముందు వెచ్చదనము. మన కమిటీ మీటింగులలో ఈ క్రమము తలక్రిందులగుట చాలాచోట్ల చూస్తున్నాము.

పొర ఊడినంత మాత్రాన పని అయిపోదు. జిగురు మిగులుతుంది. చౌకరకము వినైల్ అయితే ఏండ్లు గడిచేకొద్ది కుంచించుకొంటుంది. అక్షరము చుట్టూ సన్నని జిగురు అంచు బయటపడి, దానికి దుమ్ము పట్టి నల్లని గీతవలె కనబడుతుంది. జిగురుకు కిరోసినో నీలగిరి తైలమో గుడ్డకు అద్ది, కాసేపు నాననిచ్చి, పాత ప్లాస్టిక్ కార్డుతో నెట్టాలి. ముందు తలుపు లోపలి అంచున, కనబడనిచోట రుద్ది చూసుకోవాలి. దగ్గరలో పొయ్యి గాని బీడీ గాని ఉండకూడదు. ఆ తరువాత సబ్బునీళ్ళతో కడగాలి, లేకపోతే ఆ నూనె పొర మీద మరే పూతా నిలువదు. కొందరు ఇంత శ్రమ ఎందుకని పాత అక్షరాల మీదనే పెద్ద స్టిక్కరు క్రొత్తది అంటిస్తారు. ప్రక్కనుండి చూడండి, క్రింది అక్షరాలు ఉబ్బెత్తుగా చదువుకోవచ్చు.

జక్కయ్య ఇంటికి రక్షణ వచ్చినప్పుడు అతడు తన ఆస్తిలో సగము బీదలకిచ్చుటకు, అన్యాయముగా తీసుకొన్నదానికి నాలుగంతలు తిరిగి ఇచ్చుటకు ఒప్పుకొన్నాడు. అది జిగురు తీయుట. మారుమనస్సు పొందితిననే సహోదరుడు చీటీ డబ్బు బాకీ తీర్చకుండా సాక్ష్యము మాత్రము చెప్పుతూ ఉంటే, దుమ్ము మళ్ళీ అక్కడే పడుతుంది. ఈ మాట కూడా చెప్పకపోతే మేము వేడిని గూర్చి చెప్పినది సగము మాటే అవుతుంది.

ఇక అసలు సంగతికి వస్తాము. రెండు తలుపులూ శుభ్రము చేసి, కడిగి, ఆరబెట్టి చూస్తే బేకరీ పేరు ఇంకా చదువుటకు వస్తూనే ఉన్నది! వెలిసిన నీలము మధ్యలో నిండు నీలపు అక్షరాలు. స్టిక్కరు రంగును పాడు చేసిందని పిల్లలు అనుకొన్నారు. పెద్దాయన నవ్వి, “పాడైనది అక్షరము క్రింద కాదు, చుట్టూ” అన్నారు. నిజమే. పొర క్రింద ఉన్న రంగుకు ఎండ తగలలేదు, అది బండి కొన్ననాటి రంగు. మిగిలిన తలుపంతా ఎండలోని అతినీలలోహిత కిరణాలకు మాడి, పైన పొడిబారింది. అక్షరము ఉన్నచోట ఎంత రుద్దినా లాభము లేదు. రుద్దవలసినది చుట్టూ ఉన్నదానిని.

అందుకు నీడలో, రేకు చల్లగా ఉన్నప్పుడు, మెత్తని తడి గుడ్డతో రబ్బింగ్ కాంపౌండు, దాని తరువాత సన్నని పాలిష్ పట్టించాలి. క్లియర్ కోటు లేని పాత రంగయితే గుడ్డకు నీలము అంటుతుంది. అది చచ్చిన పై పొర, భయపడవద్దు. క్లియర్ కోటు ఉన్న బండి అయితే ఆ పొర మందము ఇంచుమించు 40, 50 మైక్రాన్లే, మన తలవెంట్రుకకన్న పలుచన. అంచుల దగ్గర ఇంకా పలుచన. కనుక ఎక్కడ ఆపాలో తెలిసియుండాలి. ఆ బండి మీద సాయంకాలపు ఏటవాలు వెలుగులో నేటికీ లీలగా రెండు అక్షరాలు కనబడతాయి. పెద్దాయన ఇక రుద్దవద్దన్నారు.

ప్రియులారా, త్రాగుడు మాని ఎనిమిదేండ్లయిన ఒక సహోదరుని కుమార్తెకు వేరే ఊరి సంఘమునుండి సంబంధము వచ్చింది. అక్కడి పెద్దలు విచారించగా, ఇక్కడి ఒక పెద్ద ఫోనులో, “ఓహో, ఆ త్రాగుబోతు కూతురా, పిల్ల మంచిదేనండి” అన్నారు. పిల్ల మంచిదే అన్న మాట ఎవరికీ వినబడలేదు. సంబంధము ఆగిపోయింది. ఆ పెద్ద అబద్ధము చెప్పలేదు, కీడు తలపెట్టలేదు. ఎనిమిదేండ్ల క్రిందటి చూపు ఆయన కంటిలో అలాగే పొడిబారి ఉన్నది. ఇక్కడ పాలిష్ ఎవరికి పట్టించాలి?

బేతనియలో ప్రభువు భోజనమునకు కూర్చున్న ఇంటి యజమానిని సువార్తలు కుష్ఠరోగియైన సీమోను అనే పిలుస్తాయి. రోగముండగా అట్లు విందు చేయుట ధర్మశాస్త్రము ప్రకారము కుదిరేది కాదు. స్వస్థత పొందినవాడే అయియుండునని వ్యాఖ్యానకర్తలు అంటారు. పేరు మాత్రము పోలేదు. దానికి ప్రక్కనే ఇంకొకటి చూడండి. పన్నెండుమంది అపొస్తలుల పేర్ల పట్టిక మార్కు వ్రాశాడు, లూకా వ్రాశాడు. ఇద్దరూ మత్తయి అని మాత్రమే వ్రాశారు. సుంకరి అనే మాట ఆ పట్టికలో చేర్చినది మత్తయి పేరున ఉన్న సువార్త ఒక్కటే. తన పాత పేరును తాను చెప్పుకొనుట సాక్ష్యము, ఆ హక్కు అతనిది. తోటివారు దానిని విడిచిపెట్టారు.

ప్రతి సంవత్సరము జూన్‌లో పిల్లల చదువులకని, బదిలీలని మన కుటుంబములు ఊళ్ళు మారుతాయి. సభ్యత్వ బదిలీ పత్రికలు వ్రాసే కార్యదర్శులకు మా మనవి: పత్రికలో బాప్తిస్మపు తేదీ, సంఘములో చేసిన పరిచర్య వ్రాయండి. క్రొత్త సంఘ పెద్దలు ఫోను చేస్తే పత్రికలో ఉన్నదే చెప్పండి.

చేర్చుకొనే సంఘమునకు మరొక పని ఉన్నది. పాలిష్ అయిన రంగు కప్పులేని ఇల్లు వంటిది. మైనం పూయకపోతే ఒకటి రెండు వేసవులలో మళ్ళీ వెలుస్తుంది. పూసిన మైనం కూడా మూడు నాలుగు నెలలకు అరుగుతుంది, మళ్ళీ పూయాలి. అందుచేత, వచ్చిన కుటుంబమును మూడు నెలలకొకసారి ఇంటికి వెళ్ళి చూసే పని ఒక డీకను గారికి పేరుపెట్టి అప్పగించండి. వెళ్ళినవారు ప్రార్థన చేసి, వారిచ్చిన కాఫీ త్రాగి, పిల్లల చదువులడిగి రండి. పాత ఊరి సంగతులు మీరుగా ఎత్తవద్దు.