దాహం తీర్చడానికీ ఒక మర్యాద ఉంది

మే నెల. బూర్గంపాడులో జుహర్ నమాజు ముగించుకుని మస్జిదు నుంచి బయటకు వస్తాము. సారపాక వెళ్ళే రోడ్డు మీద పోలీసులు వాహనాలు ఆపి సోదా చేస్తుంటారు. వెంట ఒక జాగిలం. గంజాయి రవాణాను పసిగట్టడం దాని పని. 45 డిగ్రీలకు చేరిన ఎండలో నాలుక చాపి రొప్పుతూ ఉంటుంది. అప్పుడు మనలో కొందరు 'కుక్క నాపాక్' అంటూ బట్టలు ఒదిగిపట్టుకుని తప్పుకుంటారు. మరికొందరు జాలిపడి బిస్కెట్లు విసురుతారు. వీరిలో నిజమైన దయ ఎవరిది?

కుక్క మూతిపెట్టిన పాత్రను ఏడుసార్లు, అందులో ఒకసారి మట్టితో కడగమని దైవప్రవక్త (స) ఆదేశించారు. నిజమే. అయితే దాహంతో తడిమట్టి నాకుతున్న కుక్కను చూసి, బావిలోకి దిగి తన తోలు మేజోడులో నీళ్ళు తెచ్చి తాగించిన మనిషిని అల్లాహ్ మన్నించాడని తెలిపినదీ ఆయనే. మొదటిది మన గిన్నెకు సంబంధించిన ఆదేశం, రెండవది మన గుండెకు సంబంధించిన బోధ. ఒకదాన్ని చూపించి మరొకదాన్ని తప్పించుకోలేము. శిక్షణ పొందిన వేటజంతువులు మన కోసం పట్టినదాన్ని దివ్య ఖుర్‌ఆన్ (మాయిదా సూరా, 4వ ఆయతు) ధర్మసమ్మతం చేసింది. వాటికి మనం నేర్పే విద్య సైతం అల్లాహ్ నేర్పినదేనని గుర్తుచేసింది.

పోలీసుల సోదా అంటే మనలో కొందరికి బెరుకు ఉండవచ్చు. కాని జాగిలం ఆ కొలువును కోరుకుని చేరలేదు. 2025 ఏప్రిల్‌లో కర్రెగుట్టల ఆపరేషన్‌లో సీఆర్‌పీఎఫ్ జాగిలం రోలో తేనెటీగల దాడిలో ప్రాణం విడిచింది. మనుషుల తగాదాలో దాని తప్పేముంది?

ఇక బిస్కెట్ విసిరే సోదరుల విషయం. పరాయివారు పెట్టింది ముట్టకూడదని జాగిలాలకు నేర్పుతారు. ఆ కట్టడి సడలితే రేపు దుర్మార్గుడు పెట్టే విషాన్నీ అది తినవచ్చు. చూపులేనివారిని నడిపించే కుక్క ధ్యాస మళ్ళితే యజమానికే ప్రమాదం. బావిలోకి దిగిన మనిషి ఆ కుక్కకు ఏం కావాలో చూశాడు. మనం తరచూ మన పుణ్యాన్నే చూసుకుంటాము. అవతలి ప్రాణికి కీడు చేసే దానం మన మనసును తృప్తిపరచవచ్చు, దాని దాహాన్ని మాత్రం తీర్చదు.

కనుక ముందు దాన్ని పట్టుకున్న వ్యక్తిని అడగాలి. "అన్నా, నీళ్ళు తెమ్మంటారా? మా అరుగు మీద నీడ ఉంది" అంటే చాలు. వద్దంటే నొచ్చుకోకూడదు. కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. రొప్పడమే దానికి ముఖ్యమైన చల్లదనం. మన చెయ్యి పెట్టలేని తారురోడ్డు మీద దాని పాదాలూ కాలుతాయి. అది తూలినా, వాంతి చేసుకున్నా వడదెబ్బ కావచ్చు. నీడకు చేర్చి, ఒంటిపై నీళ్ళు పోసి, గాలి తగలనిచ్చి, వెంటనే పశువైద్యునికి చూపించేలా సాయపడాలి. నోట్లో బలవంతంగా నీళ్ళు పోయకూడదు.

సోదర సోదరీమణులారా! ఈ వేసవిలో ఇంటి గోడ పక్కన ఒక పాత తొట్టిని ఇందుకోసమే కేటాయిద్దాము. ఇంటి పాత్రల శుభ్రత నిలుస్తుంది, ఒక మూగజీవి ప్రాణమూ నిలుస్తుంది. అడిగి సాయం చేసే వినయాన్ని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక. ఆమీన్.