కంపెనీకి నీతిమాట ఎందుకు?



వ్యాపారికి లాభమే గాని నీతిబోధ ఎందుకని కొందరంటారు. మనమేమందుము?

1977లో బాప్తిస్టు కాపరి లియోన్ సల్లివాన్ గారు జనరల్ మోటార్స్ డైరెక్టరుగా ఉండి, దక్షిణాఫ్రికాలోని అమెరికా కంపెనీలకు నియమాలు పెట్టారు: నల్లవారికీ తెల్లవారికీ ఒకే భోజనశాల, సమానమైన పనికి సమానమైన కూలి. అది చాలదని 1987లో ఆ దేశాన్నే విడిచి రమ్మన్నారు.

మన సాత్తూరు పక్కనున్న శివకాశి కేసులో 1996లో సుప్రీంకోర్టు, బాలకార్మికుని పెట్టుకున్న యజమాని బిడ్డకు 20,000 రూపాయల చొప్పున కట్టాలన్నది. కోర్టు చెప్పకముందే చేసియుంటే అది నీతి. చెప్పిన తరువాత చేసినది కేవలం విధేయత.

కనుక కంపెనీ మాట్లాడవలసిందే. అయితే గేటు లోపల కూలి సరిచేసిన తరువాతనే. యాకోబు పత్రిక రెండవ అధ్యాయము పక్షపాతమును పాపమన్నది. మనలో పని ఇచ్చేవారు, సంఘమూ మొదట దానిని చదువుకొందము.