వదిలేసిన చేప

రెండేళ్ళ కిందట జనవరిలో అండమాన్ వెళ్ళి ఒకరోజంతా పగడపు దిబ్బల మీద గాలం వేశాను. ఈశాన్య గాలి గట్టిగా ఉంది. బోటు ఒకచోట నిలవదు, విసిరిన బొమ్మ ఎర పక్కకి కొట్టుకుపోతుంది. బోటు నడిపినాయన సోంపేట వైపు నుంచి వెళ్ళి స్థిరపడిన తెలుగు కుటుంబం వాడు. "ఇవాళ కష్టం సార్" అని ముందే అన్నాడు. మధ్యాహ్నం ఒక జెయింట్ ట్రెవల్లీ పడింది. మన రేవుల్లో పార అంటారే, ఆ కుటుంబంలో బాగా పెద్ద చేపల్లో ఒకటి. ఇరవై నిమిషాలు పెనుగులాడాం. ఫోటో తీసుకుని, కాసేపు నీళ్ళలో పట్టుకుని, తేరుకున్నాక వదిలేశాను. తోక ఆడిస్తూ కిందికి పోయింది. ఆ అలల్లో తర్వాత ఏమైందో కనబడలేదు.

ఆత్మకూరులో ఆ ఫోటో మా మేనమామకి చూపించాను. ఆయన ఏళ్ళ తరబడి సోమశిల జలాశయంలో బొచ్చెలూ రాగండ్లూ పడుతున్న మనిషి. ఉదయగిరి వైపు కొండల మీంచి పడమటి గాలి కొట్టే రోజుల్లో కూడా తలకి తువ్వాలు చుట్టుకుని గట్టున కూర్చుంటాడు.

"పులుసు పెట్టించావా?"

"వదిలేశా మామా."

"మరి పట్టిందెందుకు అబ్బయా? దాంతో ఆడుకున్నావా?"

నేను చంపలేదు, ఆయన చంపుతాడు. కాబట్టి నాదే పైచేయి అనుకుంటూ వచ్చాను. పెద్ద చేపలే ఎక్కువ గుడ్లు పెడతాయి, వాటిని వదిలితే దిబ్బకి మంచిది అన్న వాదన కూడా ఉంది. అది నిజమే. కానీ స్విట్జర్లాండ్ 2008లో తెచ్చిన జంతు సంరక్షణ నిబంధనలు, వదిలేసే ఉద్దేశంతో చేపలు పట్టడాన్ని నిషేధించాయి. మా మామ అడిగిన ప్రశ్నే అది. 2003లో లిన్ స్నెడన్ బృందం ట్రౌట్ చేపల పెదవుల్లోకి తేనెటీగ విషం, ఎసిటిక్ ఆమ్లం ఎక్కిస్తే అవి చాలాసేపు మేత ముట్టలేదు; ఆమ్లం ఎక్కించినవి పెదవుల్ని గులకరాళ్ళకేసి రుద్దుకున్నాయి. అది మనం ఎరిగిన నొప్పేనా అన్న వాదన ఇంకా తెగలేదు, సరే. కానీ పెనుగులాట సాగేకొద్దీ చేప కండరాల్లో లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది. అలసి వదలబడ్డదాన్ని సొరచేప తేలిగ్గా పడుతుంది. మామకి ఆ పెనుగులాట ఎంత తొందరగా ముగిస్తే అంత మేలు. నాకు ఎంత సాగితే అంత సరదా. నేను డబ్బులిచ్చి కొనుక్కున్నది సరిగ్గా ఆ ఇరవై నిమిషాలే.

ఇన్నాళ్ళూ నేను వదలడాన్ని చంపడంతో పోల్చుకున్నాను. పోల్చాల్సింది అసలు గాలం వేయకపోవడంతో.

అలాగని మామని రుషిని చెయ్యలేను. ఆత్మకూరు బజారులో చేపలు దొరుకుతాయి, కొనుక్కునే స్తోమతా ఉంది. ఆయన గట్టుకి పోయేది బెండు మునిగే ఆ క్షణం కోసం, కొంత అత్త నోటికి దూరంగా ఉండటానికి. ఆయనదీ సరదానే, పులుసు దానికి చెప్పుకునే కారణమేమో.

మొన్న వేసవిలో ఆయనతో వెళ్ళాను. గాలికి బెండు ఊగుతూ, ఏది చేప లాగుడో ఏది అలో తెలియలేదు. సాయంత్రానికి పడింది ఒక్కటే, అరచెయ్యంత జిలేబి. మామ దాన్ని గాలం నుంచి జాగ్రత్తగా తప్పించి, "పెరగనీ" అని నీళ్ళలోకి వదిలేశాడు. నా మొహంకేసి చూడకుండా ఇంకో ఎర గుచ్చుకున్నాడు.