మేకుకు వేలాడే సీసా

శనివారం మా పెబ్బేరు తెల్లారకముందే లేస్తుంది. సంతకు వచ్చే డీసీఎంలు, ఆటో ట్రాలీలు హైవే దిగి ఊళ్ళోకి మళ్ళుతుంటాయి. గొర్రెల అరుపులు, ఎడ్ల మెడగంటలు మా వాకిలి దాకా వినిపిస్తాయి. ఆ వేళకు నేను వంటింటి గోడకు కొట్టిన మేకుకు సెలైన్ సీసా తగిలిస్తుంటాను. అంతకుముందే దాన్ని వేడినీళ్ళ గిన్నెలో కాసేపు ఉంచుతాను. చల్లటి మందు లోపలికి పోతే ఎర్రోడు వణుకుతాడు.

భుజాల మధ్య చర్మాన్ని వేళ్ళతో పట్టి పైకి లాగితే లోపల చిన్న సంచిలా ఖాళీ ఏర్పడుతుంది. సూది అందులోకి దించాలి. మొదటి వారం నా చెయ్యి వణికి రెండుసార్లు సూది అవతలి పక్క నుంచి బయటికొచ్చింది, మందంతా బొచ్చు మీదే కారిపోయింది. వాడు మూలగలేదు, తల తిప్పి నా మోచెయ్యి నాకాడు. ఇప్పుడు చెయ్యి కుదిరింది. డాక్టరు చెప్పిన కొలత దిగేసరికి వాడి వీపు మీద నీటిమూట లేస్తుంది. లేచి నడిస్తే ఆ మూట ముందుకాలి వైపు జారుతుంది. నేను బడి నుంచి వచ్చేసరికి ఒళ్ళు దాన్ని పీల్చేసుకుని ఉంటుంది.

ఎర్రోడికి తొమ్మిదేళ్ళు. సంత రోజున ఏదో బండి కింద దొరికిన కుక్కపిల్ల. పోయినేడు వానాకాలంలో గోమార్లు పట్టి జ్వరమొచ్చింది. ఈ గోమార్ల జ్వరం మన పల్లెలకే పరిమితమైనది కాదు. 1935లో అల్జీరియాలో కుక్కల్లో దీన్ని మొదట గుర్తించారు. వియత్నాం యుద్ధకాలంలో అమెరికా సైన్యపు కుక్కలు వందల్లో దీనికి బలయ్యాయి. నాలుగు వారాల మందుతో వాడి జ్వరం దిగింది. గండం గడిచిందనుకున్నాను. కొన్ని నెలలకు వాడు తొట్టి తొట్టి నీళ్ళు తాగడం మొదలుపెట్టాడు. రాత్రి మూడుసార్లు తలుపు తీయాల్సి వచ్చేది. రక్తం పరీక్ష చేయిస్తే మూత్రపిండాలు దెబ్బతిన్నాయని తేలింది. క్రియాటినిన్ పెరిగి కాగితం మీద కనబడేసరికి ఆ అవయవాల శక్తిలో దాదాపు ముప్పాతిక వంతు అప్పటికే పోయి ఉంటుందట. "ఇది నయమయ్యే జబ్బు కాదమ్మా, చూసుకోవలసిన జబ్బు" అన్నాడు డాక్టరు.

మా ఊళ్ళో పశువుల ఆస్పత్రి ఉంది. 2017లో వచ్చిన మత్స్య కళాశాల ఉంది. చేపకు ఇక్కడ పెద్ద చదువే ఉంది, గేదెకు, గొర్రెకు వైద్యం ఉంది. కుక్కకు స్కానింగు కావాలంటే మాత్రం 150 కిలోమీటర్లు దాటి హైదరాబాద్ పోవాలి. ఆ ఖర్చుకూ తిప్పలకూ సిద్ధపడ్డాను. మందులకు వేళలు రాసుకున్నాను. ఎముకలు పెట్టడం మానేశాను. ఇంట్లో నేనొక్కదాన్నే అయినా, ఈ పనులకు నేనొక్కదాన్ని చాలు. కుంగదీసింది మరొకటి.

ఎర్రోడు ఇవాళ ఎలా ఉన్నాడు? ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలసింది ప్రపంచంలో నేనొక్కదాన్నే. ఇద్దరున్న ఇంట్లో ఒకరు "డల్లుగా ఉన్నాడు" అంటే ఇంకొకరు "పొద్దున గుడ్డు తిన్నాడుగా" అంటారు. ఆ చిన్న వాదులాటలో నిజం తేలుతుంది. నా ఇంట్లో భయపడేదీ నేనే, ఆ భయాన్ని కొట్టిపారేసేదీ నేనే. అర్ధరాత్రి వాడు అన్నం ముట్టకుండా పక్కకు తిరిగితే అయిపోయిందనుకుంటాను. తెల్లారి తోక ఊపితే నిన్న నేనే పిచ్చిదాన్నయ్యాననుకుంటాను. రెండు తీర్పులూ నావే. రెండింటి మీదా నమ్మకం లేదు.

ఇది నా ఒక్కదాని బలహీనత అనుకున్నాను. కాదని తర్వాత తెలిసింది. అమెరికాలోని కెంట్ స్టేట్ విశ్వవిద్యాలయంలో మేరీ బెత్ స్పిట్జ్‌నాగెల్ అనే మానసిక శాస్త్రవేత్త, తన బృందంతో 238 మంది పెంపుడు జంతువుల యజమానులను పరిశీలించి 2017లో ఫలితాలు ప్రకటించింది. మతి తప్పిన పెద్దలకు సేవ చేసేవారి భారం కొలవడానికి పుట్టిన ప్రశ్నావళినే ఆమె జబ్బు జంతువులున్న ఇళ్ళకు సరిపడేలా మార్చుకుంది. ఆరోగ్యంగా ఉన్న జంతువుల యజమానుల కంటే జబ్బు జంతువుల యజమానుల్లో భారం, ఒత్తిడి, దిగులు, ఆందోళన ఎక్కువగా కనబడ్డాయి. అది చదివాక నా అలసటకు ఒక పేరు దొరికింది. పేరున్న దాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడొచ్చు.

"కుక్కకు ఇంత ఖర్చా?" అని అడిగినవాళ్ళున్నారు. మొదట్లో కోపమొచ్చేది. సంత ఉన్న ఊళ్ళో ఆ మాట పుట్టడం సహజమే. ఇక్కడ పండ్లు చూసి ఎద్దు వయసు చెబుతారు, నడిపించి కాళ్ళు చూస్తారు, తువ్వాల కింద వేళ్ళు పట్టుకుని బేరం తెంపుతారు. ప్రతి జీవానికీ పొద్దు వాలేలోపు ఒక ధర తేలుతుంది. తొమ్మిదేళ్ళ జబ్బు కుక్కకు ఆ తువ్వాల కింద ఏ వేలూ లేవదు.

కానీ అలా బేరమాడే రైతునే రాత్రిపూట కొట్టంలో చూశాను. ఎద్దు నెమరేయడం ఆపితే అతనికి కునుకు పట్టదు. లాంతరు పట్టుకుని దాని డొక్క మీద చెయ్యేసి కూర్చుంటాడు. దాని ధర ఆ ఘడియలో అతని మనసులో ఉండదని నా నమ్మకం. తెల్లవారుజామున అది మళ్ళీ దవడ కదిపితే అతని ముఖంలో కనబడేది లాభం కాదు. వచ్చే శనివారం ఏ బేరగాడి వేళ్ళలోనూ ఆ రాత్రి లెక్కకు రాదు. నేను చేస్తున్నది ఈ ఊరికి కొత్తదేమీ కాదని అప్పుడు తెలిసింది. ఊరంతా చేసేదే. చీకట్లో చేస్తారు, పొద్దున దాని గురించి మాట్లాడరు.

ఒక శనివారం గొర్రెపిల్లలు అమ్ముకోవడానికి వచ్చిన ముసలి కాపరి నీళ్ళకోసం మా గేటు దగ్గర ఆగాడు. మేకుకు వేలాడే సీసా చూశాడు. "కుక్కకు గ్లూకోజ్ ఎక్కిస్తున్నవా పంతులమ్మా? ఏమైంది?" అంటూ లోపలికొచ్చి చతికిలబడ్డాడు. గొర్రెకు చూసినట్టే ఎర్రోడి కింది రెప్ప లాగి చూశాడు, పెదవి ఎత్తి చిగురు చూశాడు. ఏమీ అనలేదు. నీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. మరుసటి శనివారం మళ్ళీ వచ్చాడు, మళ్ళీ చూశాడు. "పోయిన వారం గింత తెలుపు లేదు. నెత్తురు తక్కువైతున్నది" అన్నాడు.

నేను రోజుకు పదిసార్లు చూసే చిగుళ్ళవి. నాకు తెలియలేదు. పరీక్ష చేయిస్తే నిజమే, హిమోగ్లోబిన్ పడిపోయింది. నెత్తురు తయారు చేయమని ఎముకల మూలుగకు కబురు పంపేది మూత్రపిండాలే. అవి నీరసిస్తే ఆ కబురూ ఆగిపోతుంది. రెప్ప రంగును ఐదు రంగుల పట్టికతో పోల్చి గొర్రెల్లో రక్తం తగ్గడాన్ని పట్టే ఫమాచా అనే పద్ధతిని దక్షిణాఫ్రికాలో రూపొందించారు. ఆ ముసలాయనకు ఆ పట్టిక కళ్ళలోనే ఉంది.

రోజూ చూసే కన్నుకు నెమ్మదిగా వచ్చే మార్పు అందదు. ప్రేమ లోపించి కాదు, ఎడం లేక. నా ఒంటరితనంలో అసలు లోటు ఎక్కడుందో ఆ రోజు తెలిసింది. సేవ ఒక్కరే చేయగలరు, సాక్ష్యం ఒక్కరి వల్ల కాదు. ఇలాంటి జబ్బు జీవంతో ఒంటరిగా ఉన్నవాళ్ళకు నేను చెప్పగలిగింది ఒక్కటే: సాయం అడగడానికి మొహమాటమైతే సాయం అడగకండి, వారానికి ఒక్కసారి వచ్చి చూసిపొమ్మని ఎవరినైనా అడగండి. పాలు పోసే ఆయనైనా సరే, పక్కింటి పిల్లైనా సరే.

శనివారాలు ఆ ముసలాయన వచ్చి చూసిపోతున్నాడు. నా వంతుకు రోజూ రాసే నోటుబుక్కు ఒకటి పెట్టాను. ఆలిస్ విల్లాలోబోస్ అనే అమెరికా పశువైద్యురాలు 2004లో ఒక కొలమానం ఇచ్చింది. నొప్పి, ఆకలి, నీరు, శుభ్రత, సంతోషం, నడక, చెడ్డ రోజుల కంటే మంచి రోజులు ఎక్కువున్నాయా అన్నది. ఈ ఏడింటికీ పదేసి మార్కులు. మొత్తం 35 దాటితే ఆ బతుకు ఇంకా బతుకే. ముప్పై ఏళ్ళుగా మార్కులు వేస్తున్న చెయ్యి కాబట్టి నాకది తేలిగ్గా పట్టుబడింది. ఆ గీతల చివర ఇంకో గడి నేనే గీసుకున్నాను. అందులో నా నిద్ర రాస్తాను. హాజరుపట్టీలో టీచరు సంతకం కూడా ఉండాలి కదా.

ఒకరోజు ఆ మార్కులు 35 కిందికి దిగుతాయి. నొప్పి లేకుండా నిద్రపుచ్చడం గురించి డాక్టరు ఇప్పటికే నెమ్మదిగా చెప్పి ఉంచాడు. ఆ నిర్ణయం అర్ధరాత్రి ఒక్కదాన్నే తీసుకోకూడదని మాత్రం ఒట్టు పెట్టుకున్నాను. పుస్తకం ఒకటే మాట చెప్పాలి, ఆ ముసలాయన కళ్ళు అదే మాట చెప్పాలి. అదీ వరసగా రెండు శనివారాలు.

ఇవాళ సీసా ఖాళీ అయింది. సూది తీసి దూదితో నొక్కాను. గేటు అవతల చేతికర్ర చప్పుడైంది. ఎర్రోడు చెవులు నిక్కించి లేచాడు. వీపు మీది నీటిమూట ఊగుతుండగా, ఒక్కో అడుగే వేస్తూ, గేటు దాకా నడిచాడు. నడక గడిలో ఏడు వేశాను.