చలికాలములో త్రవ్విన పాదు

ధ్యానభాగము: లూకా సువార్త 13:6–9



మన నిజామాబాదు ప్రాంతమున డిసెంబరు, జనవరి నెలలలో తెల్లవారుజామున చలి ఎముకలు కొరుకును. ఈ దినములలో పెరటికి పెద్ద పని లేదని మనము తలంతుము. కలుపు అంతగా మొలవదు, నేల త్వరగా ఆరదు. తోటపని తెలిసినవారు అట్లనరు. చిక్కుడుపందిరికి పేనుబంక పట్టునది ఈ చలిలోనే. ప్రతి ఉదయము ఆకు తిరగవేసి చూచి బూడిద చల్లనియెడల పూత, పిందె చేతికి రావు. కొత్తిమీర, మెంతి మడులకు చీకటిపడినాక గాక, ఎండ వచ్చినాక నీళ్లు పెట్టవలెను. మామిడికి పూత వచ్చువరకు నీళ్లు ఆపవలెను. పెట్టుట యెంత పనియో, ఆపుటయు అంత పనియే.

మా దేవాలయపు ఆవరణలో ఒక నిమ్మచెట్టున్నది. ఏపుగా పెరిగినది గాని మూడేండ్లుగా కాయలేదు. (లెక్క నిజముగా మూడేండ్లే, వాక్యమునకు సరిపడునట్లు నేను కల్పించినది కాదు.) మొన్న నవంబరులో, క్రిస్మసు పందిరికి అడ్డమని, దానిని కొట్టివేయుడని నేనే చెప్పితిని. ఆవరణ చూచుకొను వృద్ధుడు అడ్డువచ్చెను. ఆయన బోధను శక్కర్‌నగరులోని చక్కెర కర్మాగారమున పనిచేసినవాడు.

"అయ్యగారూ, జర ఆగుండ్రి. ఈ ఒక్క ఏడు చూద్దాం. పాదు తవ్వి పెంట నేనేస్త" అనెను.

డిసెంబరంతయు ఆయన చెట్టుకు చుక్క నీరు పోయలేదు. ఆకులు వాడి కొన్ని రాలెను. "తాతా, చంపుచున్నావా, బ్రదికించుచున్నావా?" అని నేను కోపపడితిని. జనవరి మొదటి వారమున పాదు త్రవ్వి, సన్నవేళ్లకు కొన్ని దినములు ఎండ తగులనిచ్చి, చివికిన ఎరువు వేసి మన్ను కప్పి, అప్పుడు నీళ్లు పెట్టెను. పైన ఎండిన చెరకాకు పరచెను. ఇట్లు బెట్టకు తెచ్చి నీరు పెట్టినయెడల నిమ్మ పూతకు వచ్చునని తోటలవారు ఎరిగినదే, నేనే ఎరుగనైతిని.

ప్రభువు చెప్పిన ఉపమానములో ద్రాక్షతోట యజమానుడు అన్యాయమేమియు ఆడలేదు. మూడేండ్లు వచ్చి వెదకెను, ఫలము లేదు. తోటమాలి ఆ లెక్కను కాదనలేదు, చెట్టు మంచిదనియు వాదింపలేదు. గడువు అడిగెను, గడువుతోకూడ తన రెక్కల కష్టమును ముందుపెట్టెను. మనలో గడువు అడుగువారు అనేకులు. గడ్డపార పట్టువారు ఎందరు?

మనకు దగ్గరనే డిచ్‌పల్లి యున్నది. అచ్చట 1915లో డాక్టర్ ఇసబెల్ కెర్ అమ్మగారును, ఆమె భర్త జార్జి కెర్ గారును, రాజా నర్సాగౌడు గారి విరాళముతో కుష్ఠువ్యాధిగ్రస్తులకు ఆసుపత్రి కట్టిరి. ఊరు వెలివేసినవారిని చేర్చుకొనిరి. ఆ దినములలో ఆ వ్యాధికి నూనెమందును సూదితో నెలల తరబడి ఎక్కించవలసియుండెను. ఒక్కనాటి జాలితో జరుగు పని కాదది.

ఇక నా సంగతి చెప్పవలెను. నిమ్మచెట్టును కొట్టుమన్న నెలలోనే మా కమిటీ యెదుటికి ఒక పట్టిక వచ్చెను. మూడేండ్లుగా ఆరాధనకు రానివారు, చందా ఇయ్యనివారు; వారి పేర్లు సంఘపు రిజిస్టరునుండి తీసివేయవలెనని. వారిలో పలువురు కర్మాగారపు కుటుంబములవారు. 1937లో స్థాపింపబడిన ఆ కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడినప్పుడు కొందరు హైదరాబాదుకు, కొందరు గల్ఫు దేశములకు పోయిరి. ఇండ్లలో ముసలివారును స్త్రీలును మిగిలిరి. వారి గడప నేను ఎన్నడు తొక్కితినో జ్ఞాపకము లేదు. అయినను సంతకము చేసితిని.

ఆ పట్టికలో ఆ వృద్ధుని కుమారుని పేరున్నది. ఆయన దానిని ఎరుగును. చెట్టునుగూర్చి నాతో మాటలాడిన దినముననే ఎరుగును. కుమారునిగూర్చి ఒక్క మాటయు అనలేదు. ఈ సంగతి మరియొకరివలన నాకు తెలిసినది పాదు త్రవ్విన తరువాతనే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మరునాడు పట్టికను వెనుకకు తీసికొంటిని. కమిటీలో ఇద్దరికి అది నచ్చలేదు. వారి మాటలోను న్యాయమున్నది, రిజిస్టరు అబద్ధమాడరాదు గదా. శనివారము ఆ వృద్ధునితో కూడ ఆయన కుమారుని యింటికి పోతిని. కుమారుడు గల్ఫులోనే యున్నాడు. కోడలు చాయ ఇచ్చినది. చందా మాట నేనెత్తలేదు, ఆరాధన మాట ఆమె యెత్తలేదు. పెరటిలో చిక్కుడుపందిరి చూచితిమి, పేనుబంక పట్టియుండెను. వృద్ధుడు పొయ్యిలో బూడిద అడిగి తెచ్చి చల్లనారంభించెను, నేను ఆకులు తిరగవేసి పట్టుకొంటిని. వచ్చునప్పుడు ఆమె గుప్పెడు కాయలు కోసి నా సంచిలో వేసెను. "మళ్ల రాండ్రి, అయ్యగారూ" అనెను.

ఆ అంజూరపు చెట్టు మరుసటి యేడు కాచెనో లేదో ప్రభువు చెప్పలేదు. మా నిమ్మచెట్టు ఇంకను పూయలేదు. చెరకాకు తొలగించి పాదులో తేమ యున్నదో లేదో చూచుటకు ప్రతి ఉదయము పోవుచున్నాను. పట్టికలో ఇంక పదకొండు ఇండ్లున్నవి.