గేట్ల కింద గాలం వెయ్యకు

అవనిగడ్డ

బుజ్జీ,

మీ స్నేహితులంతా కలిసి వేసుకున్న ప్రయాణం లిస్టు మీ అమ్మ నాకు చదివి వినిపించింది. దసరా సెలవుల్లో గుడివాడలో బయలుదేరి జగ్గయ్యపేట మీదుగా పులిచింతల, అక్కడ గేట్ల దిగువన ఇసుకలో గుడారం వేసి ఒక రాత్రి, మర్నాడు మాచర్ల దాటి నాగార్జునసాగర్. గాలాలు ఎవరు తేవాలో, కారం మసాలా ఎవరు నూరించుకు రావాలో కూడా రాసుకున్నారు. పైన నీళ్ళెలా ఉన్నాయో ఎవరు కనుక్కుంటారో మాత్రం అందులో లేదు. ఫోనులో చెబితే ‘సరే అమ్మమ్మా’ అని పెట్టేస్తావని ఉత్తరం రాస్తున్నాను.

చేపలు పట్టొద్దని నేను అనను. లాకుల షట్టర్లు ఎత్తి దించే లస్కరు కూతుర్ని నేను. బందరు కాలువ లాకుల పక్క క్వార్టర్సులో పుట్టి పెరిగాను. ఎండాకాలం కాలువలు కట్టేస్తే లాకుల కింద మడుగు మిగిలేది. చుట్టూ బురద ఎండి బీటలు తీస్తుంటే, కాలువలో చేపంతా ఆ మడుగులోకి చేరేది. జెల్లలకు వానపాము, కొర్రమీనుకు కప్పపిల్ల. జీలుగు బెండు కోసి దారానికి కట్టుకునేవాళ్ళం. కొర్రమీను గాలి పీల్చుకోవడానికి పైకి రాక తప్పదు. నీళ్ళ మీద చిన్న గుండ్రం లేచి సద్దుమణిగేది. అది ఎటు తిరిగి కిందికి పోయిందో చూసి, దానికి మూరెడు ముందు ఎర వెయ్యాలి. ఆ చూపు మా ఇంట్లో ఒక్క పెద్దన్నయ్యకే ఉండేది. మిగతా పిల్లలం వాడి వెనకాల బుట్ట పట్టుకుని నిలబడేవాళ్ళం. నోరు విప్పితే తరిమేసేవాడు.

మీ అమ్మావాళ్ళ హాల్లో, గడియారం కింద ఉన్న ఫొటో వాడిదే. చిన్నప్పుడు ‘ఈయనెవరు’ అని అడిగితే ‘తాతయ్య’ అని చెప్పి ఊరుకున్నాం. పదిహేడేళ్ళ వాణ్ణి చూపించి తాతయ్య అంటే నువ్వు నవ్వావు.

వాడికి ఆ వయసున్న ఏడు జూన్ నెల, కాలువలు వదిలే రోజులు. పైనుంచి నీళ్ళు వదిలాం, షట్టర్లు ఎత్తమని కబురు ఏ వేళ వస్తే ఆ వేళే ఎత్తాలి. ఆ రాత్రి కబురు తెల్లవారుజామున వచ్చింది. నాన్న లేచి వెళ్ళి షట్టర్లు ఎత్తాడు. అన్నయ్య అరుగు మీద పడుకున్నాడనే అనుకున్నాడు. వాడు అప్పటికే లాకుల కింద మడుగులో నడుం లోతున ఉన్నాడు, కాలువలు నిండిపోతే ఇక చేప దొరకదని.

వాడికి ఈత రాక కాదు. నిండు కాలువలో ఆ గట్టుకీ ఈ గట్టుకీ ఆగకుండా ఈదేవాడు. కానీ షట్టరు కింద నుంచి వచ్చే నీరు సుళ్ళు తిరుగుతూ, మనిషిని తన మీదకే లాక్కుంటూ ఉంటుంది. అందులో ఈతగాడైనా ఒకటే, రాయైనా ఒకటే. ఆ తర్వాత నాన్న రిటైరయ్యేదాకా, షట్టరు మీద చెయ్యి వేసేముందు లాంతరు పట్టుకుని రెండు గట్లూ తిరిగి ‘ఎవరైనా ఉన్నారా’ అని అరిచేవాడు. అర్ధరాత్రయినా, వానలోనైనా. అలా చెయ్యమని ఏ రూలులోనూ లేదు.

ఇప్పుడు ఎవరు అరుస్తారు బుజ్జీ? 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నదిలో మన హైదరాబాదు ఇంజినీరింగు పిల్లలు రాళ్ళ మీద నిలబడి ఫొటోలు దిగుతున్నారు. పైన లార్జీ డ్యాము నుంచి నీళ్ళు వదిలారు. 24 మంది పిల్లలు పోయారు. వాళ్ళు దిగినప్పుడు నదిలో నీళ్ళు తక్కువగానే ఉన్నాయి.

మన కృష్ణ మహాబలేశ్వరంలో పుట్టి వస్తుంది. ఆల్మట్టి, నారాయణపూర్, జూరాల, శ్రీశైలం, సాగర్, పులిచింతల, ప్రకాశం బ్యారేజీ. ప్రతి చోటా ఎవరి చెయ్యో గేటు మీద ఉంటుంది. ఆ చెయ్యి మీకు కనపడదు, మీరు దానికి కనపడరు. వానలు వెనకబట్టాయి కదా, దసరాకి ఏముంటుందని అంటున్నారట. 2009లో వరద వచ్చింది అక్టోబరు మొదటి వారంలోనే. బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది. 2024 సెప్టెంబరు మొదట్లో మళ్ళీ దాటింది. రెండుసార్లూ ఇక్కడ మన లంకలు మునిగాయి. వానే అక్కర్లేదు, గేట్లు ఎత్తకపోయినా కరెంటు తయారీకి నీళ్ళు వదిలితే దిగువన మట్టం పెరుగుతుంది. 2021 ఆగస్టు 5న పులిచింతల 16వ గేటు తెల్లవారకముందే కొట్టుకుపోయింది. ఆ రాత్రి దిగువ ఇసుకలో మీ గుడారం ఉంటే?

దివిసీమ వాళ్ళం, 1977 ఉప్పెన చూసిన వాళ్ళం, నీళ్ళ సంగతి మనకొకరు చెప్పాలా అని మీ మామయ్య అంటాడు. ఉప్పెన చూసింది మేము, మీరు కాదు. మీకు చేపంటే థర్మకోల్ పెట్టెలో ఐసు కింద ఉండేది. గుడివాడ నుంచి కైకలూరు దాకా వరి చేలన్నీ చెరువులైపోయాయి, కాలువలు గుర్రపుడెక్కతో పూడిపోయాయి. కాలువలో మునిగి పెరిగిన పిల్లవాడు ఒక్కడు కనపడడు. నదిని ఫోనులో చూసి వెళతారు, అక్కడికి వెళ్ళాక మళ్ళీ ఫోనే చూస్తారు. గట్టున వల బాగు చేసుకుంటున్న మనిషిని ‘బాబాయ్, ఇక్కడ దిగొచ్చా’ అని అడగడానికి నామోషీ.

ఇక చెప్పేది విను. దసరాకి వద్దు. జనవరిలో పెట్టుకోండి. నీళ్ళు నిలకడగా ఉంటాయి, చలికి చేప తక్కువ తింటే తిననీ. బయలుదేరే ముందు రోజూ, బయలుదేరే రోజూ శ్రీశైలం, సాగర్, పులిచింతల ఇన్‌ఫ్లో, అవుట్‌ఫ్లో చూడు. సాగర్ నిండు మట్టం 590 అడుగులు, పులిచింతల 175. వాటికి దగ్గరలో ఉంటే పైనుంచి వచ్చినదంతా కిందికి వదలక తప్పదు, మీరు ఇంట్లో ఉండండి. డ్యాముకు దిగువన గుడారం వెయ్యొద్దు, పైన జలాశయం వైపు ఊరున్న గట్టు మీద వేసుకోండి. చెట్లకు చెత్త పట్టుకున్న గీత కనపడుతుంది, దానికి పైనే పడుకోవాలి. మత్స్యశాఖ ఆఫీసుకు వెళ్ళి, ఎక్కడ గాలం వెయ్యనిస్తారో అడిగి అనుమతి తీసుకోండి. సాగర్ ఎగువన నల్లమల పులుల అభయారణ్యం, అటు వెళ్ళకండి. ఆ నీళ్ళలో మొసళ్ళు కూడా ఉన్నాయి. ఎవరు ఎంత బతిమాలినా పుట్టి గానీ పడవ గానీ ఎక్కొద్దు. 2017 కార్తీకంలో ఫెర్రీ దగ్గర పవిత్ర సంగమంలో బోల్తా పడింది అనుమతి లేని పడవే, ఇరవై మందికి పైగా పోయారు. మందు సీసా ఉన్న కారులో నువ్వు ఎక్కొద్దు.

నీకు ఈత రాదు. ఆ సంగతి నీతో వచ్చే స్నేహితుల్లో ఒక్కడికైనా చెప్పావా? చెప్పలేదని మీ అమ్మకు తెలుసు, నాకూ తెలుసు. కిందటేడు హంసలదీవిలో వాళ్ళంతా నీళ్ళలో దిగితే కాలు నొప్పి అన్నావు. ఈ ఉత్తరం అందిన రోజే వాళ్ళకు ఫోను చేసి చెప్పు. నవ్వేవాడితో వెళ్ళకు.

ఈ నెల పింఛను డబ్బులో ఐదు వేలు మీ అమ్మకు పంపాను, రెండు లైఫ్ జాకెట్లు కొనుక్కో. గాలి ఊదేవి కాదు, గట్టి ఫోము ఉన్నవి. ఒకటి నీకు, ఒకటి అడిగినవాడికి. గట్టు మీద కూర్చున్నా వేసుకునే కూర్చోవాలి. దీపావళికి ఇక్కడికి రా. మీ మామయ్య మన చెరువులో రోజూ పొద్దున్నే నీకు ఈత నేర్పుతానన్నాడు, నడుముకు ఎండు సొరకాయలు కట్టి. ఏ బస్సుకి వస్తున్నావో ఆదివారం లోపల చెప్పు.

అమ్మమ్మ