స్థలం లేని కట్టడం: నాగార్జునకొండ – వారసత్వ సంరక్షణలో నైతిక ప్రశ్న

ఒక ప్రాచీన కట్టడాన్ని దాని స్థలం నుంచి తొలగించి వేరొక చోట నిలిపినప్పుడు మిగిలేది ఆ కట్టడమా, దాని శిలలు మాత్రమేనా? వారసత్వ సంరక్షణలో దీనిని సాంకేతిక సమస్యగా పరిగణించడం పరిపాటి. నిజానికి ఇది నైతిక సమస్య. తెలుగునేలపై ఈ ప్రశ్నను తీవ్రంగా ముందుకు తెచ్చినది నాగార్జునకొండ.

ఇక్ష్వాకుల రాజధాని విజయపురి వెలసిన కృష్ణాతీర లోయ నాగార్జునసాగర్ జలాశయంలో మునగనున్నందున, భారత పురావస్తు శాఖ 1954–60 మధ్య అక్కడ విస్తృతంగా తవ్వకాలు జరిపింది. ఆనకట్టకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. ఎంపిక చేసిన కట్టడాలను కొండపైన, అనుపులోను పునర్నిర్మించారు. లోయ మునిగింది, కొండ ద్వీపమైంది.

ఈ నిర్ణయాన్ని సమర్థించే వాదం బలమైనదే. జీవించి ఉన్నవారి పొలాలకు నీరు కావలసినప్పుడు గతించినవారి గోడలే ముఖ్యమనడం న్యాయం కాదు. తరలించకపోతే ఆ శిలలు కూడా దక్కేవి కావు. కనుక ఆక్షేపణ తరలింపుపై కాదు. దానిని సంపూర్ణ రక్షణగా భావించడంపైన. కొండపై పునర్నిర్మించిన స్నానఘట్టమే ఇందుకు నిదర్శనం. నదిలోకి దిగడానికి కట్టిన మెట్లు అవి. శిలలను తరలించగలిగారు గాని, ఆ మెట్లకు ప్రయోజనాన్నిచ్చిన నదీతీరాన్ని తరలించలేరు. విహారానికీ చైత్యానికీ, ఊరికీ ఏటికీ మధ్య ఉన్న దూరాలు కూడా అర్థాన్ని మోసేవే. ఆ నష్టాన్ని నష్టంగా గుర్తించకపోతే, ‘తరలించవచ్చు’ అన్న సమాధానం మరొక లోయ విషయంలో ప్రశ్నకంటే ముందే సిద్ధంగా ఉంటుంది.

స్థలం నశించిన తరువాత దానికి మిగిలే రూపం లిఖిత సాక్ష్యం ఒక్కటే. ఈ తవ్వకాల నివేదిక మొదటి సంపుటం 1975లో, రెండవది 2006లో వెలువడ్డాయి. సాధారణ తవ్వకంలో ఆలస్యం అసౌకర్యం మాత్రమే. సందేహం కలిగినవారు స్థలాన్ని మళ్ళీ చూడవచ్చు. మునిగిన లోయ విషయంలో ఆ అవకాశం లేదు. తవ్వినవారి జ్ఞాపకం మసకబారేలోగా నివేదిక వెలువడకపోతే ఆ మేరకు స్థలాన్ని రెండవసారి కోల్పోయినట్టే.

భావితరాలు సరిదిద్దుకోగల నిర్ణయాలను, సరిదిద్దుకోలేని నిర్ణయాలను ఒకే తూకంతో తూచకూడదు. రెండవ రకానికి పూనుకొనేవారిపై అదనపు బాధ్యత ఉంటుంది: మరొక మార్గం లేదని ముందుగా నిరూపించడం, కోల్పోయేదానిని సకాలంలో నమోదు చేయడం, ఆ నమోదును ఆ ప్రాంత ప్రజల భాషలో అందుబాటులో ఉంచడం. ఆ బాధ్యత నెరవేరినప్పుడే తరలింపును సంరక్షణ అనడం సమంజసం.